ఫారం నిండా ‘అవును’లే, టీకా కార్డులో మాత్రం ఖాళీలు

ప్రశ్న: నేను నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకు ‘పిల్లల టీకాల పట్ల ప్రజల్లో సంకోచం’ అనే అంశం ఇచ్చారు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు తీర గ్రామాలను ఎంచుకున్నాను. ఇరవై ప్రశ్నలతో గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే వందల్లో జవాబులు వచ్చాయి. దాదాపు అందరూ టీకాలు మంచివే, తప్పక వేయించాలి అన్నారు. తీరా అక్కడ టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం అక్కను అడిగితే, రెండు కాలనీల్లో మూడో పెంటావాలెంట్ (అయిదు రోగాలకు కలిపి వేసే టీకా) పడని పిల్లలు చాలామంది ఉన్నారనీ, వాళ్లకు అవగాహన లేదనీ చెప్పింది. ఏది నిజం? సంకోచం ఎంత ఉందో ఒక్క అంకెలో చూపించమని మా గైడు మేడం అంటున్నారు. ఎలా కొలవాలి?
(పేరు ప్రచురించవద్దని కోరారు)

సమాధానం:

అమ్మా, మీ ఫారమూ అబద్ధం చెప్పలేదు, ఏఎన్‌ఎం కూడా చెప్పలేదు. ఇద్దరూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నారు, అంతే. మీ గ్రూపుల్లో ఉన్నది మీ స్నేహితులు, వాళ్ల అన్నలూ వదినలూ, చదువుకున్న బంధువులు. లింకు తెరిచి, ఇరవై ప్రశ్నలు చదివి, చివరిదాకా నొక్కే తీరికా ఓపికా ఉన్నవాళ్లు. రొయ్యల గుంట దగ్గర కాపలా గుడిసెలో చంటిబిడ్డతో ఉన్న తల్లి ఆ గ్రూపుల్లో లేదు. జవాబులు నాలుగు వందలైనా నాలుగు వేలైనా ఆమె మాట అందులోకి రాదు.

ఇందులో మీరు చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు. 2021లో అమెరికాలో కోవిడ్ టీకా గురించి ఫేస్‌బుక్ ద్వారా వారానికి సుమారు 2,50,000 మందిని అడిగారు. ఆ ఏడాది మే నెలలో, టీకా వేయించుకున్నవాళ్లు అసలు లెక్కకంటే నూటికి 17 మంది ఎక్కువ ఉన్నట్టు ఆ సర్వే చూపించింది. అదే రోజుల్లో వారానికి వెయ్యి మందిని మాత్రమే, కానీ జాగ్రత్తగా ఎంచుకుని అడిగిన మరో సర్వే నిజానికి దగ్గరగా వచ్చింది. నేచర్ పత్రిక ఆ డిసెంబరులో ఈ పోలికను ప్రచురించింది. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్న చోటే అలా జరిగింది. మీ ఫారాన్ని పారేయనక్కర్లేదు. ‘ఇది వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవారి అభిప్రాయం’ అని స్పష్టంగా రాసి రిపోర్టు చివర పెట్టండి. ఊరి అభిప్రాయం అని మాత్రం రాయకండి.

ఇక ‘అవగాహన లేదు’ అన్న మాట. ఇది వింటే నాకు చిరాకు. సమీక్షల్లో, వార్తల్లో, విద్యార్థుల రిపోర్టుల్లో ఎక్కడ చూసినా ఇదే వాక్యం. ముఖ్యంగా యానాది గిరిజన కుటుంబాల గురించి రాయాల్సి వచ్చినప్పుడు కలం దానంతట అదే ఈ మాట రాసేస్తుంది. అవతలివాళ్లను ఒక్క ప్రశ్న అడగకుండానే వాళ్ల మనసులో ఏముందో తేల్చేయడం ఇది. ఏఎన్‌ఎం అక్కను తప్పుపట్టడం లేదు. ఒక్క మనిషి మీద అన్ని ఊళ్లు, అన్ని రిజిస్టర్లు మోపితే దొరికిన కారణమే రాస్తారు. కానీ మీరు కొలవడానికి వెళ్తున్నారు కాబట్టి ఆ వాక్యంతో మొదలుపెట్టకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణుల బృందం 2014లో సంకోచానికి ఒక నిర్వచనం ఇచ్చింది. టీకా సేవలు అందుబాటులో ఉన్నా వేయించుకోవడంలో ఆలస్యం చేయడం, లేదా వద్దనడం సంకోచం. సేవ అందలేదంటే, ఆ తల్లి సంకోచించిందో లేదో తెలుసుకునే అవకాశమే మనకు ఇంకా రాలేదన్నమాట. 2021 మే నెల మీ జిల్లావాళ్లకు గుర్తుండే ఉంటుంది. కృష్ణపట్నంలో కోవిడ్‌కని ఆనందయ్య ఇచ్చిన నాటు మందు కోసం వేల మంది బారులు తీరారు. టీవీలో ఆ దృశ్యాలు చూసి, వీళ్లకు టీకా మీద నమ్మకం లేదు, పసరు మందు మీదే నమ్మకం అనుకున్నవాళ్లున్నారు. 18 ఏళ్లు దాటినవారికి ఆ నెల ఒకటో తేదీ నుంచే కోవిడ్ టీకా ఇస్తామని ప్రకటించారు, కానీ దేశమంతా డోసులకు కటకట. ఆ నెల వేసిన సూదుల సంఖ్య చూసి జనం మనసు చదివితే, గోదాములో సరుకు లేకపోవడాన్ని మనుషుల మూఢత్వంగా రాసినట్టయ్యేది. మందు కోసం నిలబడ్డవాళ్లలో టీకా దొరికితే వేయించుకునేవాళ్లు ఎందరో ఆ క్యూ చెప్పదు.

అందుకని నా సలహా ఇది: టీకాల మీద అభిప్రాయం అడగడంతో మొదలుపెట్టకండి. కార్డుతో మొదలుపెట్టండి. కార్డులో ఖాళీ కనిపిస్తే, ఆ ఖాళీ ఏర్పడిన రోజు గురించి అడగండి.

ఆ రెండు కాలనీల్లో 12 నుంచి 23 నెలల మధ్య వయసున్న పిల్లలందరినీ ఇంటింటికీ తిరిగి గుర్తించండి. ఈ వయసే ఎందుకంటే, ఏడాది నిండేసరికి మొదటి తట్టు-రుబెల్లా టీకాతో సహా ప్రాథమిక టీకాలన్నీ పడి ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఈ వయసునే లెక్కలోకి తీసుకుంటుంది. 2015–16లో దేశం మొత్తం మీద ఈ వయసు పిల్లల్లో 62 శాతానికి ప్రాథమిక టీకాలన్నీ పడితే, 2019–21 నాటికి అది 76.4 శాతానికి చేరింది. మిగిలిన పాతిక శాతం తల్లిదండ్రులంతా టీకాలంటే జంకేవాళ్లని ఆ సర్వే ఎక్కడా అనలేదు. మనమే అనేసుకుంటాం.

కార్డు చేతికి వచ్చాక తొందరపడి ‘పూర్తి’, ‘అసంపూర్తి’ అని టిక్కు పెట్టకండి. ప్లాస్టిక్ కవరులో మడత మీద మడత పెట్టిన ఆ కార్డును నింపాదిగా చదవండి. పెంటావాలెంట్ ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. మొదటిదే పడలేదంటే ఆ బిడ్డ దాకా వ్యవస్థ చేరలేదని ముందు అనుమానించాలి. మొదటిది సరైన తేదీకి పడి, రెండోది లేదంటే ఆ నాలుగు వారాల్లో ఆ ఇంట్లో ఏదో జరిగింది. మూడూ పడి తొమ్మిది నెలల టీకా దగ్గర ఆగితే అది ఇంకో కథ. అప్పటికి తల్లి మళ్లీ కూలికి పోతూ ఉంటుంది, లేదా కుటుంబమే వేరే ఊరికి పనికి పోయి ఉంటుంది. ఖాళీ ఎక్కడ ఉందన్నదే మీకు మొదటి ఆధారం.

కార్డు లేదంటే అంతటితో వదిలేయకండి. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. అక్కడే మొదటి టీకాలు పడతాయి, కార్డు అక్కడి బీరువాలో ఉండిపోతుంది, బిడ్డ అత్తగారి ఊరికి వస్తుంది. ఇక్కడి రిజిస్టరులో బిడ్డ పేరే ఉండదు, లేదా పేరుండి గడులన్నీ ఖాళీగా ఉంటాయి. అమ్మమ్మకు ఫోను చేయించి కార్డు ఫొటో తెప్పించుకోండి. అదీ కుదరకపోతే తల్లి జ్ఞాపకం మీద ఆధారపడాలి. ఎడమ భుజం మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ ఉందేమో చూడాలి. కార్డు చూసి రాసినదీ, విని రాసినదీ వేర్వేరు గడుల్లో ఉంచండి. ఒంగోలులోనో నెల్లూరులోనో ప్రైవేటు ఆసుపత్రిలో ‘నొప్పి లేని సూది’ వేయించినవాళ్లు కూడా ప్రభుత్వ రిజిస్టరులో ఖాళీగా కనిపించవచ్చు. వాళ్లు డబ్బులు పెట్టి మరీ టీకా వేయించినవాళ్లు, వాళ్లను సంకోచం లెక్కలో కలపడం అన్యాయం.

నిజంగానే ఖాళీ అని తేలాక ప్రశ్న. ‘రెండో టీకా ఎందుకు వేయించలేదు?’ అని అడిగితే అది నిలదీయడం. తల్లి తలదించుకుంటుంది, లేదా మీకు నచ్చే జవాబు ఒకటి చెప్పి పంపిస్తుంది. ‘ఈ తేదీకి రెండోది ఉంది కదమ్మా, ఆ రోజు ఏం జరిగింది?’ అని అడిగి ఊరుకోండి. వచ్చే జవాబుల్లో తేడా మీకే తెలుస్తుంది.

ఒకామె అంటుంది: ‘పోయాం, పిల్లలు ఎక్కువమంది రాలేదు, వచ్చే వారం రమ్మన్నారు’. ఇది విని చాలామంది సర్వేవాళ్లు సాకు అనుకుంటారు. సాకు కాదు. బీసీజీ, తట్టు-రుబెల్లా పొడి మందులు. ద్రావకం కలిపిన తర్వాత నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఒక్క బిడ్డ కోసం సీసా తెరిస్తే మిగతా డోసులు వృథా అవుతాయని సిబ్బంది వెనకాడతారు. నిజానికి ఒక్క బిడ్డ వచ్చినా తెరవాలి. ఇక్కడ వెనకాడింది తల్లి కాదు, టీకా పెట్టె దగ్గర ఉన్నవాళ్లు. పెంటావాలెంట్ ద్రవరూపంలో ఉంటుంది, సరిగ్గా భద్రపరిస్తే తెరిచిన సీసాను 28 రోజుల వరకు వాడవచ్చు. కాబట్టి పెంటావాలెంట్ విషయంలో ఇదే జవాబు వస్తే కారణం వేరే ఉండి ఉంటుంది, ఇంకాస్త అడగాలి.

ఇంకొకామె అంటుంది: ‘మొదటిదానికే రాత్రంతా జ్వరం, తొడ గట్టిపడి ముట్టుకోనివ్వలేదు. ఇక చాల్లే అంది మా అత్త’. ఇదీ మీరు వెతుకుతున్నది. అయితే దీన్ని ‘అపోహ’ అని రాయకండి. ఆమె కళ్లారా చూసింది. ప్రభుత్వం వేసే పెంటావాలెంట్‌లో కోరింత దగ్గుకు సంబంధించిన భాగం ఆ క్రిమి పూర్తి కణంతో చేసింది. దానివల్ల జ్వరం, వాపు తరచుగా వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఈ సంగతి ముందే చెప్పి, జ్వరం మందు చేతిలో పెట్టి పంపారా లేదా అని అడగండి. చెప్పి పంపిన ఇళ్లలో ఎందరు ఆగిపోయారు, చెప్పకుండా పంపిన ఇళ్లలో ఎందరు ఆగిపోయారు అన్న లెక్క మీ ప్రాజెక్టు మొత్తంలో పనికొచ్చే పేజీ అవుతుంది. అత్తగారితో కూడా మాట్లాడండి, వీలైతే విడిగా. నిర్ణయం ఆమె చేతిలో ఉన్న ఇంట్లో కోడలిని మాత్రమే అడిగితే సగం జవాబే వస్తుంది.

మూడో రకం జవాబు ‘జలుబు చేసింది, అందుకే పోలేదు’. ఇది మహా తికమక పెడుతుంది. మామూలు జలుబు, దగ్గు టీకాకు అడ్డు కాదు. తల్లే ఆపేసిందా, సిబ్బంది చూసి వెనక్కి పంపారా అన్నది తేల్చుకోవాలి. విదేశాల్లో తయారైన కొలమానాలను యథాతథంగా దింపుకోవడంలోని చిక్కు కూడా ఇక్కడే బయటపడుతుంది. అమెరికాలో 2011లో తల్లిదండ్రుల కోసం 15 ప్రశ్నల కొలమానం ఒకటి తయారైంది. నూటికి 50 మార్కులు, ఆ పైన వస్తే సంకోచించేవారి కింద లెక్క. అందులో ఒక ప్రశ్న, అనారోగ్యం, ఎలర్జీ కాకుండా మరే కారణంతోనైనా ఎప్పుడైనా టీకా ఆలస్యం చేశారా అని. అక్కడికి అది సరైన ప్రశ్నే. మన ఊళ్లలో భయానికి మర్యాదైన పేరు జలుబు. ఆ ప్రశ్న అడిగితే భయపడి ఆగినవాళ్లు కూడా ‘లేదండీ’ అని తప్పుకుంటారు.

ఇలాంటి కొలమానాలు ఇంకా ఉన్నాయి. 2015లో వచ్చిన పది ప్రశ్నలది ఒకటి. 2018లో వచ్చిన ఇంకొకటి నమ్మకం, నిర్లక్ష్యం, అడ్డంకులు, లాభనష్టాల బేరీజు, పదిమంది మేలు అనే అయిదు పాళ్లలో మనిషిని చూస్తుంది. మీకు ఒకటి ఎంచుకోవాలనిపిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన ప్రశ్నావళి తీసుకోండి. మనసులో ఏమనుకుంటున్నారు, చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటున్నారు, వేయించాలన్న ఉద్దేశం ఉందా, వేయించడానికి దారి ఉందా అన్న నాలుగు విషయాలనూ అది విడివిడిగా అడుగుతుంది. అన్నీ కలిపి ఒక మార్కుగా చేయమనదు. ఈ కారణానికే నాకది నచ్చుతుంది. బిడ్డకు టీకాలన్నీ వేయించాలనుకుంటున్నారా, కొన్నా, అసలు వద్దా అని సూటిగా అడిగే ప్రశ్న అందులో ఉంది. ‘కొన్ని’ అన్నవాళ్లను పట్టుకోండి. ఏవి కావాలి, ఏవి వద్దు, ఎందుకు అని అడిగితే అసలు సంగతి వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఏ ప్రశ్నావళి అయినా ‘పూర్తిగా ఏకీభవిస్తాను’ నుంచి ‘ఏమాత్రం ఏకీభవించను’ దాకా అయిదు మెట్లు పెట్టి చదివి వినిపిస్తే మన పల్లెల్లో పని జరగదు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి వాకిట్లో నిలబడి ఏది చదివినా ‘అవునమ్మా’ అంటారు. ‘టీకాలు మంచివి’ అంటే అవును, ‘టీకాలు వేస్తే పిల్లలు నలతపడతారు’ అన్నా అవును. రెండో అవును మర్యాదకు అన్నది కావచ్చు, జ్వరం చూసి నిజంగా అన్నది కావచ్చు. అందుకే అయిదు మెట్లు తీసేసి, మామూలు మాటల్లో మూడు జవాబులు పెట్టండి. ‘భయం లేదు’, ‘కొంచెం భయం’, ‘బాగా భయం’ అని. ‘అవసరం లేదని అనుకోరు కదా’ లాంటి మెలికల ప్రశ్నలు వద్దు. అసలు సర్వేకు ముందు ఓ అరడజను మంది తల్లులకు ప్రశ్నలు వినిపించి, నేనేం అడిగానో నీ మాటల్లో చెప్పమ్మా అనండి. సగం ప్రశ్నలు అక్కడే మారిపోతాయి.

మీ గైడు మేడం క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) 0.7 దాటిందా అని అడుగుతారు. దాటవచ్చు కూడా. ప్రశ్నలన్నీ ఒకే దిక్కుగా ఉండి, కొందరు అన్నిటికీ తల ఊపితే ఆ ఊపడమే ఆల్ఫాను పైకి లేపుతుంది. అంకె బాగున్నంత మాత్రాన కొలిచింది సంకోచాన్నే అని కాదు.

ఎంతమందిని అడగాలి అన్నది మీరు రాయలేదు గానీ వైవాలో తప్పక వస్తుంది. సగం మంది అటు, సగం మంది ఇటు ఉన్నారనుకుని, పది శాతం అటూఇటూగా చెప్పడానికి 96 మంది చాలు, అయిదు శాతం అటూఇటూ అయితే 384 మంది కావాలి. అదీ విడివిడిగా ఎంచుకుంటేనే. ఒకే వీధి పిల్లలు ఒకే ఆశా కార్యకర్త పరిధిలో, ఒకే పుకారు నీడలో ఉంటారు కాబట్టి, ఊళ్లవారీగా గుంపులు తీసుకుంటే ఆ సంఖ్యను కనీసం రెట్టింపు చేసుకోవాలి. 30 గుంపులు, గుంపుకు ఏడుగురు పిల్లల చొప్పున 210 మందితో చేసే పాత సర్వే పద్ధతి ఈ పది శాతం లెక్క మీద పుట్టిందే. మీ ప్రాజెక్టుకు అదేమీ అక్కర్లేదు. మండలం మొత్తానికి శాతం చెప్పాలన్న ఆశ వదులుకోండి. రెండు కాలనీలు, పోలికకు పక్కన మరో రెండు వీధులు, అక్కడి పిల్లలందరూ. అందరినీ చూశాక నమూనా గొడవే ఉండదు.

వెళ్లేటప్పుడు యూనిఫాం వద్దు. ఏఎన్‌ఎం అక్క ఇల్లు చూపించి వెళ్లిపోతే మేలు. ఆమె పక్కన ఉంటే ఆమెకు కావలసిన జవాబే వస్తుంది. టీకాలు వేసే రోజున వెళ్లకండి. ‘సచివాలయం నుంచి వచ్చారా? పింఛనుకా, రేషన్ కార్డుకా?’ అని అడుగుతారు. కాదు, చదువు కోసం అని చెప్పి ఒప్పుకుంటేనే కూర్చోండి. ‘టీకా వద్దన్న ఇళ్ల జాబితా ఇవ్వండి’ అని తర్వాత ఎవరు అడిగినా పేర్లు ఇవ్వకండి. కాలేజీ నైతిక కమిటీ అనుమతి పత్రంలోనే ఆ మాట రాయించుకోండి. వేయించుకుంటామన్న తల్లికి మాత్రం తర్వాతి టీకా రోజు ఎప్పుడో, ఎక్కడో కాగితం మీద రాసివ్వండి.

మేడం అడిగిన ఒక్క అంకె సంగతి. ఒకటి కుదరదు, మూడు ఇవ్వండి. ఆ వయసు పిల్లల్లో పడాల్సిన టీకా తప్పినవాళ్లు ఎందరు. ఆ తప్పినవాళ్లలో సేవ అందక తప్పినవాళ్లు ఎందరు, భయం వల్లో పెద్దల మాట వల్లో ఆగినవాళ్లు ఎందరు. ఇక మూడోది, ఎవరూ లెక్కపెట్టనిది: టీకాలన్నీ వేయించి కూడా లోపల భయపడుతున్నవాళ్లు ఎందరు. కార్డు నిండా తేదీలున్న తల్లికి భయం లేదని అనుకుంటాం. 2017 ఫిబ్రవరిలో తట్టు-రుబెల్లా కార్యక్రమం మొదలైనప్పుడు పక్కనే తమిళనాడులో వాట్సాప్ పుకార్లకు బెదిరి బడి పిల్లలకు సూది వద్దన్నవాళ్లలో, చిన్నప్పుడు అన్ని టీకాలూ వేయించిన తల్లిదండ్రులూ ఉన్నారు. మన రాష్ట్రంలో ఆ కార్యక్రమం ఆగస్టులో జరిగింది. ఒక టీకాకు లేని జంకు ఇంకో టీకాకు ఉంటుంది, నిరుడు లేనిది ఈ ఏడు వస్తుంది. సోమశిల జలాశయంలో ఒక రోజు నీటిమట్టం చూసి ఏడాది పంట లెక్క కట్టలేం కదా. రిపోర్టులో ప్రతి అంకె పక్కన ఏ నెలలో, ఏ టీకా గురించి అడిగారో రాయండి. మేడం మూడు అంకెలు ఒప్పుకోకపోతే రెండోది మొదటి పేజీలో పెట్టండి, మిగతా రెండూ లోపల ఉంచండి. ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి పనికొస్తాయి.

చివరగా, తాళం వేసిన ఇళ్లు. సర్వేల్లో వీటిని ‘అందుబాటులో లేరు’ అని రాసి లెక్కలోంచి తీసేస్తారు. ఆ తీరంలో గుంటల దగ్గర పనికి, ఇటుక బట్టీలకు, పట్నాల్లో కట్టుబడి పనులకు పోయే కుటుంబాల పిల్లలకే టీకా తప్పే ప్రమాదం ఎక్కువ. వాళ్లను తీసేస్తే మీ శాతం చూడముచ్చటగా వస్తుంది, అందుకే తీసేయకండి. పక్కింటివాళ్లను అడిగి, ఆ ఇంట్లో ఏడాది దాటిన బిడ్డ ఉందా, ఎక్కడికి పోయారు, ఎప్పుడొస్తారు అన్నది విడిగా రాసుకోండి. గుంటల దగ్గరున్నవాళ్ల కోసం ఒక సాయంత్రం గట్టు మీదికే నడిచి వెళ్లండి. దూరం పోయినవాళ్లు చాలామంది సంక్రాంతికి ఇంటికి వస్తారు. మీ రిపోర్టు గడువు ఫిబ్రవరిలో అయితే ఆ వారం మీ సెలవులు కూడా అక్కడే గడపాల్సి వస్తుంది.